అటక మీది చేతికర్ర తుపాకీ కావచ్చు: గుర్తించడం నుంచి భద్రపరచడం దాకా

"తాతగారి చేతికర్ర చాలా బరువుగా ఉంది, పిడి దగ్గర చిన్న బొడిపె ఉంది, నొక్కి చూడవచ్చా?" ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. కొందరు ఫోటో పంపుతారు. కొందరు నొక్కి చూశాకే రాస్తారు. రెండో రకం వాళ్ల కోసమే ఇదంతా ఒకచోట పెడుతున్నాను.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్, ఫ్రాన్స్, బెల్జియం, అమెరికా తుపాకీల తయారీదారులు చేతికర్ర, జేబుకత్తి, డబ్బుల సంచి వంటి రూపాల్లో తుపాకీలు చేసి బహిరంగంగానే అమ్మారు. అలాంటిదొకటి మీ ఇంట్లో బయటపడితే ఏం చేయాలో మాత్రమే ఇక్కడ చెబుతాను. పనిచేయించడం గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. దయచేసి అడగవద్దు.

1. మొదటి పది నిమిషాలు

మందు కూరి ఉందన్న లెక్కతోనే మొదలుపెట్టండి. "నూట యాభై ఏళ్లయింది, ఇంకా పేలుతుందా?" అని అడుగుతారు. పేలుతుంది. పాత నల్ల తుపాకీమందు పొడిగా ఉన్నంతకాలం చావదు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో అంతర్యుద్ధ కాలపు ఫిరంగి గుండును శుభ్రం చేస్తూ, ఆ పనిలో ఎంతో అనుభవం ఉన్న సేకర్త ఒకరు మరణించారు. ఆ గుండు వయసు దాదాపు 140 ఏళ్లు.

- పిల్లలను, చూడవచ్చిన చుట్టాలను గదిలోంచి పంపించండి.
- వస్తువు ఎక్కడ ఉందో అక్కడే ఉండనివ్వండి. తప్పక జరపవలసి వస్తే నేలకు సమాంతరంగా, రెండు చివరలూ మనుషుల వైపు లేకుండా, మనుషులు లేని గది గోడకేసి పెట్టండి.
- మర తిప్పవద్దు, బొడిపె నొక్కవద్దు, పిడి లాగవద్దు.
- గొట్టం చివరలోకి తొంగి చూడవద్దు. ఫోను టార్చితో కూడా వద్దు.
- దీపం, అగరుబత్తి, సిగరెట్టు దూరంగా ఉంచండి.

ఇది అతిజాగ్రత్త అనిపిస్తే ఒక సంగతి చెబుతాను. ఒక ఇంట్లో ఇలాంటి కర్రతోనే పిల్లలు రెండు తరాలుగా గుర్రం ఆట ఆడారు. పొన్ను, అంటే కర్ర కొనకు తొడిగే లోహపు తొడుగు, ఎప్పుడో ఊడిపోయింది. ఆ కన్నంలో చీమలు దూరకుండా ఎవరో మైనం పెట్టారు. నేను చూసేసరికి పిడికి నాలుగు అంగుళాల కింద, నల్లటి పూత మీద వెంట్రుకంత గీత చుట్టూ తిరిగి ఉంది. దాని అడుగున బియ్యపు గింజంత గాడి, ఆ గాడిలో ముడుచుకుని పడుకున్న ఇనుప ముక్క. అది తుపాకీని పేల్చే మీట. ఇంటివాళ్లు ఇన్నేళ్లూ దాన్ని మేకు అనుకున్నారు.

2. విప్పకుండా చూడవలసినవి

చేతికర్ర తుపాకీని గుర్తించడానికి దాన్ని విప్పనక్కరలేదు. కింది వరుసలో చూస్తే చాలు.

బరువు: మామూలు చెక్క కర్ర చేతిలో తేలికగా ఆడుతుంది. లోపల ఇనుప గొట్టం ఉన్నది కొన నుంచి పిడి దాకా ఒకే తీరుగా బరువు తూగుతుంది. పైన వార్నిషో, నల్లని గట్టాపర్చా (చెట్టు పాలతో చేసే రబ్బరులాంటి పదార్థం) పూతో ఉండి, చూపుకు చెక్కలా కనిపించవచ్చు.

అయస్కాంతం: ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి, కర్ర పక్కగా పొడవునా నడపండి. పొన్ను దగ్గర మాత్రమే అంటుకుంటే అది మామూలు ఇనుప పొన్ను. పొడవునా లాగుతుంటే లోపల ఇనుము ఉంది. అయితే అది తుపాకీయే అనుకోకండి, గుప్తి కూడా కావచ్చు. గుప్తి అంటే లోపల కత్తి దాచిన కర్ర. మన దేశంలో ఇళ్లలో బయటపడేవి ఎక్కువగా ఇవే.

పొన్ను: గుప్తికి పొన్ను గట్టిగా బిగించి ఉంటుంది. తుపాకీ కర్రకు పొన్ను ఊడి వచ్చేలా, బిరడాలాగా ఉంటుంది. పక్క నుంచి చూస్తే అతుకు కనిపిస్తుంది. లాగి పరీక్షించవద్దు.

అడుగుభాగం: 1823లో జాన్ డే అనే ఆంగ్లేయుడు పేటెంటు పొందిన నమూనాలో సుత్తి, అంటే దెబ్బ కొట్టి మందును పేల్చే భాగం, కర్రను అడ్డంగా పట్టుకుంటే కిందివైపు ఉంటుంది. సుత్తిని వెనక్కి లాగితే అప్పటిదాకా దాగిన మీట కిందికి దిగుతుంది. అందుకే "మీట లేదు కాబట్టి తుపాకీ కాదు" అన్న వాదన చెల్లదు.

పిడి: అమెరికాలో రెమింగ్టన్ సంస్థ చేసిన కర్రలు, 1858 నాటి పేటెంటువి, ఇంకొక రకం. వీటిలో పిడిని వెనక్కి లాగడమే తుపాకీని సిద్ధం చేయడం, కింద ఉన్న చిన్న బొత్తామే మీట. కుక్కతల పిడి ఉన్నవి ప్రసిద్ధం. "పిడి వదులుగా ఉంది, లాగి సరిచేశాను" అని ఎవరైనా రాస్తే నాకు చెమటలు పడతాయి.

3. గాలి కర్ర, ఇంకా ఇతర రూపాలు

*గాలి కర్ర.* అన్నిటిలోకీ జనం తక్కువ అంచనా వేసేది ఇదే. మందు ఉండదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. పై సగం గాలి నింపే సిలిండరు, కింది సగం గొట్టం. బర్మింగ్‌హామ్‌లో ఇవి విరివిగా చేశారు. లోపలి నుంచి తుప్పు తిన్న పాత సిలిండరులో గాలి కొడితే అది బాంబులా చీలుతుంది. పంపు దొరికినా సరే, ఒక్క పోటు కూడా కొట్టవద్దు.

*జేబుకత్తి పిస్తోలు.* షెఫీల్డ్‌లో అన్విన్ అండ్ రోజర్స్ వంటివారు చేశారు. మామూలు మడత కత్తికన్నా లావుగా, వీపు మీద పొట్టి గొట్టంతో ఉంటుంది. కత్తి అలుగును తెరవాలని చూసేటప్పుడు వేలు మీట మీద పడుతుంది. తెరవకండి.

*డబ్బుల సంచి.* 1877లో ఫ్రాంకెనౌ అనే జర్మన్ పేటెంటు పొందిన తోలు పర్సులో ఆరు గుండ్ల బుల్లి రివాల్వరు ఉంటుంది. చాలా అరుదు. మీకు దొరికింది అదే అని తొందరపడి సంబరపడకండి.

*తాళంచెవి.* గొట్టపు కాడ ఉన్న పెద్ద తాళంచెవికి చిన్న కన్నం పెట్టి "జైలరు తుపాకీ" అని అమ్ముతారు. ఇలాంటివి ఇరవయ్యో శతాబ్దంలో పర్యాటకుల కోసం గంపలకొద్దీ చేశారు. నకిలీ అయినంత మాత్రాన ప్రమాదం తగ్గదు. నాసిరకం గొట్టం పట్టుకున్న చేతిలోనే పగులుతుంది. చట్టానికి కూడా కన్నం ఎవరు పెట్టారన్నదానితో పని లేదు.

*నిప్పు పిస్తోలు.* ఇది తిరగేసిన వేషం. చూడటానికి పిస్తోలు, నిజానికి దీపం వెలిగించే పరికరం. చెకుముకి రాయి, సుత్తి, మీట అన్నీ ఉంటాయి, గొట్టం మాత్రం ఉండదు. దాని స్థానంలో దూది పెట్టే చిన్న పెట్టె ఉంటుంది. గొట్టం లేదని తేలితే ఊపిరి పీల్చుకోవచ్చు. తేల్చవలసింది మాత్రం నిపుణుడే.

4. ఫోటోలు, కొలతలు

తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు అడిగేది ఇదే. వస్తువును కదపకుండా, మీరే దాని చుట్టూ తిరుగుతూ తీయండి. గొట్టం నోటికి ఎదురుగా నిలబడి మాత్రం తీయవద్దు.

- పూర్తి పొడవు ఒకే చట్రంలో, పక్కన కొలబద్దతో.
- పిడి రెండు వైపులా.
- అతుకు గీత, బొడిపె, గాడి ఉన్నచోట దగ్గరి నుంచి.
- పొన్ను పక్క నుంచి.
- ఏ అక్షరం, కిరీటం, అంకె కనిపించినా విడిగా. ఫ్లాష్ వద్దు. కిటికీ వెలుతురు ఏటవాలుగా పడితే అరిగిన ముద్ర కూడా పైకి తేలుతుంది.

పక్కనే ఒక కాగితం మీద ఇంటి కథ రాసిపెట్టండి: ఎవరిది, ఎక్కడ దొరికింది, ఎప్పటి నుంచి ఉంది, పాత లైసెన్సు కాగితమేమైనా ఉందా. బ్రిటిష్ కాలపు లైసెన్సు పుస్తకాలు భోషాణంలో దస్తావేజుల మధ్య దొరకడం నేను చూశాను. చెదలు కొట్టినా పారేయవద్దు.

5. ముద్రలు చదవడం

పైకి కనిపిస్తున్న ముద్రలు మాత్రమే. పూత గోకి వెతకడం మొదలుపెడితే వస్తువు విలువ సగం అక్కడే పోతుంది.

కిరీటం కింద అడ్డంగా కలిసిన రెండు రాజదండాలు, వాటి మధ్య బీ, పీ, సీ అన్న రోమన్ అక్షరాలు ఉంటే బర్మింగ్‌హామ్‌లో తుపాకీ గొట్టాలను పరీక్షించే శాల ముద్ర. ఆ శాల 1813లో ఏర్పడింది కాబట్టి ఆ ముద్ర అంతకన్నా పాతది కాదు. అండాకారపు గీత లోపల ఈ, ఎల్, జీ అన్న రోమన్ అక్షరాలు ఉంటే బెల్జియంలోని లియేజ్. ఆ అండం నెత్తిన కిరీటం కూడా ఉంటే 1893 తర్వాతిది. ఎస్.జి.డి.జి. అని ఉంటే ఫ్రెంచి పేటెంటు, "ప్రభుత్వ హామీ లేకుండా" అని దాని అర్థం. చాలామంది దాన్ని తయారీదారు పేరు అనుకుంటారు.

ముద్ర లేకపోతే నకిలీ అని కాదు. ముద్ర ఉంటే అసలు అని కూడా కాదు. అక్షరాల అంచులు కొత్త నాణెంలా పదునుగా ఉండి, చుట్టూ ఇనుము మాత్రం అరిగిపోయి ఉంటే అనుమానించండి. అన్ని భాగాలకూ ఒకే రంగు తుప్పు, కొత్త మరల తలలు, పోత పోసిన అతుకు గీత కూడా అలాంటివే. నిజంగా వాడిన కర్రలో చెయ్యి పట్టే చోట ఒక అరుగుదల, పొన్ను దగ్గర ఇంకొక అరుగుదల ఉంటాయి.

6. చట్టం ముందు పెట్టడం

శుభ్రం చేయడం కన్నా ముందు ఈ మెట్టు. అందరూ తలకిందులు చేసేది ఇక్కడే.

పెద్ద అపోహ ఒకటుంది: "వందేళ్లు దాటితే లైసెన్సు అక్కరలేదు." వందేళ్ల లెక్క 1972 నాటి పురావస్తువుల చట్టంలోది. తుపాకీలను చూసేది 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి నియమావళి. ఆయుధాల చట్టం 45వ సెక్షన్లో ఒక మినహాయింపు ఉంది: కాలం చెల్లిన నమూనాదో, పురాతన విలువ కలదో, పాడైనదో అయి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని ఆయుధానికి అది వర్తిస్తుంది. "మరమ్మతు చేసినా" అన్న మాట దగ్గర ఆగండి. సుత్తి స్ప్రింగు విరిగితే సరిపోదు. ఆ మినహాయింపు మీ వస్తువుకు దక్కుతుందా లేదా అని తేల్చవలసింది మీరు కాదు, నేనూ కాదు.

లైసెన్సు లేని తుపాకీ దగ్గర ఉంచుకుంటే శిక్షలను 2019 సవరణ మరింత కఠినం చేసింది. కాబట్టి వరుస ఇది:

1. ఆయుధాల చట్టం తెలిసిన వకీలుకు ఫోటోలు, ఇంటి కథ చూపించండి.
2. ఆయన సలహాతో స్థానిక పోలీసు స్టేషనుకు రాతపూర్వకంగా తెలియజేయండి. దొరికిన తేదీ, చోటు, కదపలేదన్న సంగతి అందులో ఉండాలి. నకలు మీద ముద్ర వేయించుకోండి.
3. కర్రను సంచిలో చుట్టి ఆటోలో స్టేషనుకు తీసుకుపోకండి. లైసెన్సు లేని ఆయుధాన్ని, అదీ మందు ఉందో లేదో తెలియని దాన్ని, దారి వెంట మోసుకెళ్లడమే అవుతుంది. వచ్చి చూడమని కోరండి, లేదా ఎలా తేవాలో వాళ్లనే అడగండి.
4. 21వ సెక్షన్ కింద స్టేషనులో గానీ లైసెన్సు ఉన్న ఆయుధాల వ్యాపారి దగ్గర గానీ డిపాజిట్ చేయవచ్చు. వివరాలతో కూడిన రసీదు లేకుండా వస్తువును చేతులు మార్చకండి. "పాత కర్ర ఒకటి" అని రాసే రసీదు పనికిరాదు. పొడవు, పిడి, ముద్రలు అందులో ఉండాలి.
5. ఉంచుకోవాలనుకుంటే వారసత్వ ఆయుధంగా లైసెన్సుకో, పనికిరాదన్న నిపుణుల నివేదిక ఆధారంగా మినహాయింపుకో దరఖాస్తు చేయండి. కమిషనరేట్ ఉన్న నగరాల్లో పోలీసు కమిషనరు, జిల్లాల్లో కలెక్టరు కార్యాలయం.

మందు ఉందా అన్న పరీక్ష కూడా ఈ దశలోనే, లైసెన్సు ఉన్న తుపాకీల మిస్త్రీ చేతనో, పోలీసు ఆయుధ నిపుణుల చేతనో జరగాలి. మీరు చేయకండి.

గుప్తి తేలితే? కత్తులతో పాటు గుప్తినీ ఆయుధాల నియమావళి పేరు పెట్టి చెప్పింది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో దానికీ లైసెన్సు కావాలి. మీ జిల్లా సంగతి అదే వకీలును అడగండి.

ఇంకొక మెలిక, పిడి ఏనుగు దంతంది అయితే. అప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా తోడవుతుంది. యాజమాన్య ధ్రువపత్రం లేకుండా ఉంచుకోరాదు, అమ్మకం అసలే కుదరదు. ఒక్క కర్రకు మూడు చట్టాలు! తాతగారు ఇంత ఊహించి ఉండరు.

7. శుభ్రం చేయడం: జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ఖాళీ అని నిపుణుడు రాసి ఇచ్చాక, వస్తువు చట్టబద్ధంగా మీ చేతికి తిరిగి వచ్చాక మాత్రమే ఈ భాగం చదవండి.

*చింతపండుతో తోమడం.* మన ఇళ్లలో ఇత్తడి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. చింతపండు పులుపు మకిలితో పాటు ముద్రల అంచుల్నీ తినేస్తుంది. సందుల్లో మిగిలిన తడి లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. ఇప్పటికే తోమి ఉంటే, మళ్లీ నీళ్లతో కడగవద్దు. పొడి నూలు గుడ్డతో అద్ది, గాలి ఆడేచోట రెండు రోజులు ఉంచి, మ్యూజియంవాళ్లు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా పట్టించండి. పోయిన పాత రంగు తిరిగి రాదు. కొత్త మెరుపు తగ్గడానికి ఏళ్లు పడుతుంది, ఆగండి.

*కొబ్బరి నూనె.* కొన్నాళ్లకు జిగురై, దుమ్ము పట్టి, మీటనూ మరలనూ అతికించేస్తుంది. ఇనుముకు తేలికపాటి మినరల్ ఆయిల్, అదీ గుడ్డకు రాసి తుడవడమే. కర్ర మీద పోయడం కాదు.

*గరుకు కాగితం.* తుప్పు పొడిగా రాలుతుంటే మెత్తని బ్రష్షుతో దులపండి. గట్టిగా అంటుకున్న గోధుమ రంగు పొరను అలాగే వదిలేయండి. అది వస్తువు వయసు.

*ఎండబెట్టడం.* నల్లని గట్టాపర్చా పూత వేడికి మెత్తబడుతుంది, వెలుతురుకు పెళుసవుతుంది. డాబా మీద ఎండలో పెట్టిన కర్ర బీటలు వారి వచ్చింది ఒకసారి నా దగ్గరికి. దానికి దిద్దుబాటు లేదు. జిగురు పెట్టి అతికించాలని చూస్తే ఇంకా వికారమవుతుంది.

*"పనిచేసేలా" బాగుచేయించడం.* విరిగిన స్ప్రింగు మార్పించడం, మూసిన కన్నం తెరిపించడం చేస్తే మినహాయింపు పోతుంది, నేరం మొదలవుతుంది. గొట్టం కోయించడానికి కూడా చట్టంలో విడిగా లైసెన్సు కావాలి. విరిగినది విరిగినట్టే ఉండనివ్వండి.

8. ఇంట్లో ఉంచడం

విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి ఇనుము నెలల్లో మారిపోతుంది. హైదరాబాదులో అంత బాధ లేదుగానీ వానాకాలం జాగ్రత్త. తోలు ఒర, ఉన్ని గుడ్డ చెమ్మ పీలుస్తాయి, వాటిలో చుట్టవద్దు. గంజి పెట్టని తెల్లని నూలు గుడ్డ మేలు.

- తాళం ఉన్న చెక్క బీరువా, అడ్డంగా, మూడుచోట్ల మెత్తని ఆనింపు.
- సిలికా జెల్ సంచులు, నెలకోసారి మార్పు.
- పదిహేను రోజులకోసారి అతుకుల దగ్గర చూపు. కొత్త నారింజ రంగు మచ్చ కనిపిస్తే గది చెమ్మగా ఉందని అర్థం.
- లైసెన్సు లేదా నివేదిక నకలు బీరువాలోనే, అసలు వేరేచోట.

గొడుగుల స్టాండులో మాత్రం పెట్టకండి. వర్షం వస్తే ఎవరో ఒకరు దాన్ని చేతబట్టి బయటికి వెళ్తారు. వేషం వేసిన వస్తువుతో వచ్చే చిక్కే అది, తెలియని మనిషికి అది ఎప్పటికీ కర్రే. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్తే చేతికర్రలను అద్దాల వెనుక ఎలా ఆనించారో ఒకసారి చూసి రండి.

9. అమ్మడం, పంపడం, తెప్పించడం

ఇంటర్నెట్‌లో "పురాతన కర్ర" అని ప్రకటన ఇవ్వడం మానండి. కొనేవాడికి లైసెన్సు లేకపోతే ఇద్దరికీ చిక్కే. లైసెన్సు ఉన్న వ్యాపారి ద్వారానో, మ్యూజియానికి దానంగానో ఇవ్వడం సులువైన దారి. మ్యూజియంవాళ్లు మీ కాగితాలు చూడకుండా తీసుకోరు, అది మంచిదే.

వందేళ్లు దాటిన పురావస్తువును వ్యక్తులు దేశం దాటించడం నిషేధం. పిల్లలు అమెరికాలో ఉన్నారని సూట్‌కేసులో పెట్టి పంపకండి.

అటు నుంచి ఇటు కూడా అంతే. అమెరికా చట్టంలో 1898 దాకా తయారైన పాత తుపాకీలకు కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. ఆ షరతుల్లోకి రాని కర్ర తుపాకీ అక్కడ 1934 నాటి చట్టం కింద రిజిస్టరు కావలసిన ఆయుధం. డాలస్‌లో పాత సామాన్ల అంగడిలో చట్టబద్ధంగా కొన్నదైనా, ఆ మినహాయింపు మీతో పాటు విమానం ఎక్కి శంషాబాదులో దిగదు. కొన్నది అక్కడే ఉండనివ్వండి.

చివరి పని ఒకటి మిగిలింది. అట్టముక్క మీద నాలుగు వరుసలు రాసి నూలుదారంతో పిడికి కట్టండి: ఇది తుపాకీ, ఖాళీ అని ఫలానా తేదీన నిర్ధారణ అయింది, కాగితాలు ఫలానా చోట ఉన్నాయి, విప్పవద్దు. అంటించే స్టిక్కరు వద్దు, జిగురు పూతను లాగేస్తుంది. రాత పెన్సిలుతోనే రాయండి, సిరా చెమ్మకు అలుక్కుపోతుంది.